ఊరివారికొక వెల, పైవారికొక వెల

గత విద్యాసంవత్సరమున ఎనిమిదవ తరగతి బాలబాలికలను మహాబలిపురమునకు విహారయాత్రగా తీసికొనిపోయితిమి. సముద్రతీర దేవాలయమువద్ద టిక్కెట్ల గదిపై ఒక పలక యున్నది. భారతీయులకు 40 రూపాయలు, విదేశీయులకు 600 రూపాయలు అని అందు వ్రాసియున్నది. పదునైదేండ్ల లోపు పిల్లలకు టిక్కెట్టు లేదు గనుక మన పిల్లలు ఊరకనే లోనికి పోయిరి. ఉపాధ్యాయులము తలకు 40 రూపాయలు చెల్లించితిమి. మా వెనుక నిలిచిన ఐరోపా దంపతులు 1200 రూపాయలు చెల్లించిరి. అది చూచి ఒక బాలిక, “సార్, వాళ్లు చూసే రాయి, మనం చూసే రాయి ఒకటే కదా. వాళ్లకు పదిహేను రెట్లు ఎందుకు?” అని అడిగినది. లెక్క సరిగానే చేసినది. ఆ కట్టడముల సంరక్షణకు మన మందరము పన్నుల రూపమున ముందుగానే కొంత చెల్లించియున్నాము, వారు చెల్లించలేదు, అంతియేగాక వారి రూపాయి మన రూపాయికంటె బరువైనది, అని చెప్పితిని. ఆమె తృప్తిపడినట్లే తోచెను.

రెండు నెలల తరువాత ఆ బాలికయే మరల నాయొద్దకు వచ్చినది. ఈసారి ముఖము చిన్నబోయి యున్నది. వారి అవ్వతో కూడ పుత్తూరులోని బంధువుల యింటికి బయలుదేరినదట. తిరుత్తణి నుండి నగరి వరకు ఒక బస్సులో పోయి, అచ్చట పుత్తూరునకు పోవు పల్లెవెలుగు బస్సు నెక్కిరి. బస్సులోని ఆడవారందరును కార్డు చూపి సున్న రూపాయల టిక్కెట్టు పుచ్చుకొనుచున్నారు. అవ్వయు తన ఆధార్ కార్డు చూపినది. కండక్టరు చదివి, “అవ్వా, నీది తమిళనాడు అడ్రసు. నువ్వూ, పాపా ఇద్దరూ టిక్కెట్టు తీసుకోవాల,” అని మర్యాదగానే చెప్పెను. అవ్వ డబ్బులిచ్చినది గాని దారి పొడవునను మాట్లాడలేదట. ఆ బాలిక నన్నడిగిన ప్రశ్న యిది: “సార్, ఆంధ్రకు మనం విదేశీయులమా?”

ఈ ప్రశ్న మన పాఠశాలకు పిల్లలను పంపు ప్రతి యింటిలోను ఏదో యొక రూపమున పుట్టుచున్నదని నాకు తెలియును. కావున ఆ బాలికకు చెప్పిన సమాధానమునే కొంత విస్తరించి తల్లిదండ్రుల కొరకు ఇచ్చట వ్రాయుచున్నాను.

మొదట బస్సుల సంగతి. ఆంధ్రప్రదేశమున స్త్రీలకు ఉచిత ప్రయాణము 2025 ఆగస్టు 15 న “స్త్రీశక్తి” యను పేర ఆరంభమైనది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలగు కొన్ని తరగతుల బస్సులలో, ఆ రాష్ట్ర నివాసులైన స్త్రీలకు మాత్రమే అది వర్తించును. రాష్ట్రము దాటు సర్వీసులకు వర్తింపదు. తెలంగాణమున 2023 డిసెంబరు 9 న, కర్ణాటకమున అదే సంవత్సరము జూన్ 11 న ఆరంభమైన పథకములును తమ తమ నివాసులకే. తమిళనాడున 2021 మే నెలలో మొదలైనది వేరు విధము. సాధారణ పట్టణ బస్సులలో ఎక్కిన ఏ స్త్రీకైనను టిక్కెట్టు ఉచితము. ఎచ్చటి వారని అడుగరు. దీనిని బట్టి ఒక రాష్ట్రము ఉదారమైనదనియు మరియొకటి లోభియనియు తీర్పు చెప్పుట తొందరపాటు. తమిళనాడు పథకము పట్టణ బస్సులలోనే గాని దూరపు బస్సులలో లేదు. ఆంధ్ర పథకమున ఎక్స్‌ప్రెస్ కూడ చేరియున్నది. వల పెద్దదైనప్పుడు కన్నులు చిన్నవి చేసిరి, అంతే.

అయినను ఆ అవ్వ మనస్సు నొచ్చుకొనుటకు కారణము టిక్కెట్టు డబ్బు కాదు. ఆమె తెలుగుననే మాట్లాడినది, కండక్టరు తెలుగుననే బదులు చెప్పెను. ఒకే భాష వారి మధ్య ఒక గీత యున్నదని ఆమెకు ఆ క్షణమున తెలిసినది. ఆ గీత ఎట్లు వచ్చినదో పిల్లలకు చెప్పవలసిన బాధ్యత మనది.

డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888 సెప్టెంబరు 5 న తిరుత్తణిలో జన్మించునాటికి ఈ ఊరు మద్రాసు రాజధానిలోని ఉత్తర ఆర్కాటు జిల్లాలో నుండెను. 1911 లో చిత్తూరు జిల్లా ఏర్పడినపుడు అందు చేరెను. 1953 అక్టోబరు 1 న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడగా ఈ ఊరు ఆంధ్రలో నుండెను. తిరుత్తణి తమిళనాటికే చెందవలెనని ఎం. పి. శివజ్ఞానము మొదలగువారు ఉద్యమము నడపిరి. పటాస్కర్ గారి సిఫారసును బట్టి పార్లమెంటు 1959 లో సరిహద్దుల మార్పు చట్టము చేసెను. 1960 ఏప్రిల్ 1 నుండి తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రమున కలిసెను. బదులుగా పొన్నేరి, తిరువళ్లూరు తాలూకాలలోని కొన్ని గ్రామములు ఆంధ్రకు పోయి సత్యవేడు ప్రాంతమైనవి. 1997 లో తిరువళ్లూరు జిల్లా ఏర్పడెను. ఇన్ని మారులు పేరు మారినను కొండ కదలలేదు, కొండకు గల 365 మెట్లలో ఒక్కటియు కదలలేదు. ఆనాడు ఢిల్లీలో గీచిన గీతయే ఈనాడు నగరి బస్సులో అవ్వ టిక్కెట్టుపై కనిపించినది.

కాబట్టి ఆ బాలికకు నేను మొదట చెప్పినది: “విదేశీయులము కాము. పై ఊరి వారము.” ఈ రెండు మాటలకు గల భేదము చిన్నది కాదు. దానిని తెలిసికొనుటకు మహాబలిపురపు పలకకే మరల పోవలెను.

పురాతత్త్వ శాఖవారు ప్రపంచ వారసత్వపు జాబితాలోని కట్టడములకు 2016 నకు పూర్వము భారతీయులనుండి 10 రూపాయలు, విదేశీయులనుండి 250 రూపాయలు పుచ్చుకొనెడివారు. 2016 లో అవి 30, 500 ఐనవి. 2018 లో 40, 600 ఐనవి. ఈ అంకెలను మన తొమ్మిదవ తరగతికి నేను లెక్కగా ఇచ్చితిని. మొదట 25 రెట్లు, పిదప సుమారు 17 రెట్లు, ఇపుడు 15 రెట్లు. నిష్పత్తి తగ్గినది. అయితే వ్యత్యాసము 240 నుండి 470 కి, 470 నుండి 560 కి పెరిగినది. భేదము తగ్గినదా, పెరిగినదా? తరగతి రెండు పక్షములుగా చీలి గంట కొట్టువరకు వాదించినది. రెండు పక్షములును సరియైనవే. వార్తాపత్రికలో ఎవరైన రెట్లు చెప్పి వ్యత్యాసము దాచినను, వ్యత్యాసము చెప్పి రెట్లు దాచినను పిల్లలు ఇకమీదట మోసపోరని నా ఆశ.

ఆ పలకపై ఇంకొక పంక్తి కలదు, చాలమంది చదువరు. దక్షిణాసియా దేశముల సంఘమునకు చెందిన శ్రీలంక, నేపాలు మొదలగు దేశములవారును, బంగాళాఖాతపు దేశముల సంఘమునకు చెందిన బర్మా, థాయిలాండు మొదలగు దేశములవారును భారతీయుల ధరయే చెల్లింతురు. దీని ఫలమును గమనింపుడు. బర్మాలో తెలుగువారు కలరు, మలేషియాలో కలరు, మారిషస్‌లో కలరు. మూడు దేశములనుండి ముగ్గురు తెలుగువారు ఒకేనాడు మహాబలిపురమునకు వచ్చినచో బర్మా తెలుగువాడు 40 రూపాయలు, తక్కిన ఇద్దరును 600 రూపాయల చొప్పున చెల్లింతురు. తెలుగు రాని సింహళీయుడు 40 రూపాయలే చెల్లించును. పలక పాసుపోర్టును అడుగును గాని నాలుకను అడుగదు.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పౌరసత్వము పుచ్చుకొన్న బంధువులు గలవారు మన తల్లిదండ్రులలో కొందరున్నారు. వారికొక మాట. వారివద్ద ప్రవాస భారతీయ పౌరసత్వపు కార్డు, అనగా ఓ.సి.ఐ. కార్డు, ఉన్నచో కట్టడములవద్దను, మృగ సంరక్షణశాలలవద్దను భారతీయుల ధరయే చాలును. విమానపు టిక్కెట్టుకు కూడ దేశములోపల వారికి అదే హక్కు కలదు. 1990 దశాబ్దములో విదేశీయులు మన దేశములోపలి విమానములకు డాలరులలో హెచ్చు ధర చెల్లించెడివారు. ఆ కాలపు అలవాటునకు ఈ నియమము జవాబు. కార్డు పెట్టెలో పెట్టి తాళము వేసి, టిక్కెట్ల గదివద్ద వాదించుట వలన ప్రయోజనము లేదు.

మనమును ఒక చోట పరదేశులమే. నేపాలులో విమానమెక్కినచో నేపాలీలకొక ధర, భారతీయులకొక ధర, ఇతర దేశములవారికి డాలరులలో ఇంకొక ధర. భూటానులో 2023 సెప్టెంబరు నుండి ఇతర దేశముల యాత్రికుడు రాత్రికి 100 డాలరుల రుసుము చెల్లించుచుండగా, భారతీయునికది 1200 రూపాయలే. అచ్చట మనము పూర్తిగ ఊరివారము కాము, పూర్తిగ పైవారము కాము. నడుమనున్న గదిలో కూర్చుండబెట్టిరి.

ఇట్లు భేదము చూపుట న్యాయమా యని ఐరోపాలో న్యాయస్థానమువరకు పోయిరి. స్పెయిను దేశపు మ్యూజియములలో ఆ దేశపౌరులకు ఉచిత ప్రవేశముండెను; కూటమిలోని ఇతర దేశములవారు డబ్బు చెల్లింపవలసియుండెను. అది తగదని ఐరోపా న్యాయస్థానము 1994 లో తీర్పు చెప్పెను. 2003 లో ఇటలీ వంతు వచ్చెను. వెనిసు నగరపు డోజుల సౌధము మొదలగు చోట్ల ఇటలీ పౌరులైన వృద్ధులకు, ఆ యూరి నివాసులైన వృద్ధులకు మాత్రమే రాయితీ. కట్టడముల పోషణకు మా వారు పన్ను కట్టుచున్నారు కదా యని ఇటలీ వాదించినది. అచ్చముగ నేను మహాబలిపురమున ఆ బాలికకు చెప్పిన సమాధానమే! న్యాయస్థానము దాని నంగీకరింపలేదు. రాయితీకిని పన్నుకును నేరుగా సంబంధము చూపవలెనని యడిగినది. ఇది చదివిన పిదప నా సమాధానము నాకే కొంత పలుచగా కనిపించినదని ఒప్పుకొందును. నగరిలో చీర కొనినచో మన స్త్రీలు చెల్లించు జి.ఎస్.టి. లో సగము ఆంధ్రప్రభుత్వమునకే పోవును. ఆ లెక్కన మనమును ఆ బస్సునకు ఇంచుక చెల్లించినవారమే. పన్నును బట్టి ఊరివాని నిర్ణయింప బూనినచో గీత ఎచ్చటను నిలువదు.

మన దేశపు సుప్రీంకోర్టు ఈ ప్రశ్నను ఇంకను ముందే, 1955 లో, ఎదుర్కొనెను. ఆనాటి మధ్యభారత రాష్ట్రము ఇండోరు వైద్యకళాశాలలో ఆ రాష్ట్ర నివాసులు కాని విద్యార్థులనుండి మాత్రము అదనపు రుసుము వసూలు చేయుచుండెను. డి. పి. జోషి యను ఢిల్లీ విద్యార్థి వ్యాజ్యము వేసెను. జన్మస్థలమును బట్టి పౌరులలో భేదము చూపరాదని రాజ్యాంగపు 15 వ అధికరణము చెప్పుచున్నది కదా యని అతని వాదము. జన్మస్థలము వేరు, నివాసము వేరు అని న్యాయమూర్తులలో అధికసంఖ్యాకులు తీర్పు చెప్పిరి. రాష్ట్రము తన ధనముతో నడపు కళాశాలలో తన నివాసులకు సౌకర్యము కలిగించుట తప్పు కాదనిరి. ఒక న్యాయమూర్తి మాత్రము భిన్నాభిప్రాయము తెలిపెను. అవ్వ టిక్కెట్టునకు ఆధారము ఈ తీర్పులో దొరకును. ఆమె ఎచ్చట పుట్టినదో కండక్టరు అడుగలేదు, అడుగరాదు కూడ. ఆమె పుట్టినది నగరిలోనే. ఎచ్చట కాపురమున్నదో అదియే అడిగెను.

నివాసమును కొలుచుటకు రాష్ట్రపు గీతయే ఏకైక సాధనము కాదు. మన తిరువళ్లూరు, తిరుత్తణి దారిలో పట్టరైపెరుంబుదూరు వద్ద టోల్ గేటు కలదు. జాతీయ రహదారుల 2008 నాటి నియమముల ప్రకారము టోల్ గేటునకు 20 కిలోమీటర్ల లోపల నివసించువారి సొంత కారునకు తక్కువ ధరకు నెలవారీ పాసు దొరకును. దినమును ఆ దారినే పోవలసినవాడు, సంవత్సరమునకొకసారి తిరుపతి పోవువానితో సమముగ చెల్లింపరాదని దాని భావము. ఇచ్చట కొలత దూరము. భాష లేదు, రాష్ట్రము లేదు, దేశము లేదు. సరిహద్దున నివసించువారమైన మనకు అన్నిటికంటె న్యాయముగ తోచు కొలత ఇదియేయని నా అభిప్రాయము. బస్సులకును ఇట్టిదే పెట్టి, గీతకు ఇరువైపుల ఇన్ని కిలోమీటర్లలోనున్న స్త్రీలను రెండు రాష్ట్రములును తమవారిగ నెంచవచ్చును. అది ప్రభుత్వములు ఆలోచింపవలసిన మాట.

రైలుబండికి ఈ చిక్కేమియు లేదు. తిరుత్తణి నుండి ఏకాంబరకుప్పము మీదుగా రేణిగుంటకు పోవు బండిలో ఒక తరగతికి ఒకటే ధర. గీత ఎచ్చట దాటితిమో కిటికీలోనుండి చూచినను తెలియదు.

ఇంతవరకు చెప్పినవి పలకపై వ్రాసిన ధరలు. పలకపై వ్రాయని ధర ఒకటి కలదు; ముఖము చూచి చెప్పు ధర. ఒక పట్టణమున నేను తెలుగున దారి అడుగగనే ఆటోవాడు రెట్టింపు చెప్పెను. వెంటనే నాకు వచ్చిన తమిళమున బేరమాడగా సగమునకు దిగెను. అంతలో నాకు కోపము వచ్చెను గాని, ఇంటికి వచ్చి ఆలోచింపగా సిగ్గు కలిగినది. ఆడికృత్తికనాడు మన తిరుత్తణి కొండక్రింద కావడి మోసికొని దూరమునుండి వచ్చిన భక్తులను చూచి మనవారిలో కొందరు చేయుచున్నది ఇదియే కదా. అంగడిలో కొబ్బరికాయకు, చెప్పులు దాచినందుకు, స్టేషను వరకు ఆటోకు ఆనాడొక ధర. మరునాడు మనకు వేరొక ధర. వ్రాసిన రెండు ధరలను ప్రశ్నింపవచ్చును, న్యాయస్థానమునకు పోవచ్చును, మార్పింపవచ్చును. నోటి ధరకు ఆ దారి లేదు. దానిని పిల్లలు మనవద్దనే నేర్చుకొందురు.

ఇక ముఖ్యమైన సంగతి. ఉచిత ప్రయాణము మొదలైన కొన్ని వారములకే ఒక తల్లి నా గదికి వచ్చి, నగరిలోని తన అన్నగారి చిరునామాతో కుమార్తెకు పాఠశాల ధ్రువపత్రము వ్రాసి యిమ్మని కోరినది. దానితో ఆధార్ కార్డులో చిరునామా మార్చుకొందురట. నేను ఇయ్యలేదు. ఆమె కోపముతో వెడలిపోయినది. ఆమె దురాశపరురాలు కాదు. నెలకు రెండు మారులు రోగియైన తల్లిని చూడబోవు మనిషి. అయినను ఇయ్యకుండుటకు నా కారణములు చెప్పుదును.

అబద్ధపు చిరునామా తప్పు అను మాట అటుంచుడు. అది లెక్కకును నిలువదు. ఆధార్ కార్డులో ఒక్కటే చిరునామా యుండును. అది గీతకు ఆవల చేరినచో ఈవల నివాస ధ్రువపత్రమునకు చిక్కు వచ్చును. పన్నెండవ తరగతి ముగించిన పిదప కళాశాల ప్రవేశములలో ఆ పత్రమే అడుగుదురు. కుటుంబపు రేషను కార్డునుండి పేరు తొలగినచో బియ్యము పోవును. 2023 సెప్టెంబరు 15 నుండి గృహిణులకు నెలనెలా వచ్చుచున్న 1000 రూపాయల సహాయమునకును ఈ రాష్ట్రపు రేషను కార్డే ఆధారము. నెలకు రెండు మారులు నగరి నుండి పుత్తూరు పోయివచ్చు టిక్కెట్టు ధర ఒక ప్రక్కను, ఇవి అన్నియు మరియొక ప్రక్కను వ్రాసి చూచుకొనుడు. మన అల్పసంఖ్యాక భాషా పాఠశాల పిల్లల పత్రములను అధికారులు ఇతరులవానికంటె ఒకమారు ఎక్కువగనే తిరుగవేయుదురని అనుభవముగల తల్లిదండ్రులకు నేను చెప్పనక్కరలేదు. “మీరు అసలు ఇచ్చటివారేనా?” అను ప్రశ్నకు మనచేతులతోనే ఊపిరి పోయరాదు. మాతృభాషలో ప్రాథమిక విద్య పొందు సౌకర్యమును రాజ్యాంగపు 350-ఏ అధికరణము చెప్పుచున్నది. ఆ సౌకర్యమును ఈ రాష్ట్రమున అడుగునది ఈ రాష్ట్రపు నివాసులుగా, మరియొక రాష్ట్రపు చుట్టములుగా కాదు.

చిరునామా మార్చవలదని చెప్పి పంపితిని గాని ఆ తల్లి కష్టము తీరలేదు. రైలులో రమ్మని, ఆ ధర బస్సుకంటె తక్కువయని తెలిపితిని. ఆమె ఇపుడు ఏకాంబరకుప్పములో దిగక నేరుగ పుత్తూరునకే రైలులో పోవుచున్నదని విన్నాను.

ఈ సంవత్సరపు ఆడికృత్తికనాడు నేను తిరుత్తణి నుండి మా యూరివైపు పోవు తెల్లబోర్డు పట్టణ బస్సులో నుంటిని. కావడి మొక్కు తీర్చుకొని నగరి ప్రాంతమునుండి వచ్చిన ముగ్గురు స్త్రీలు నా ముందు వరుసలో కూర్చుండిరి. బంధువుల యింటికి భోజనమునకు పోవుచున్నారట. కండక్టరు వచ్చుట చూచి వారిలో పెద్దామె సంచి విప్పి, గుడ్డలో చుట్టిన ఆధార్ కార్డు వెలికిదీసి ముందుకు చాచినది. అతడు కార్డు వంక చూడనైన చూడక మూడు ఉచిత టిక్కెట్లు చించి యిచ్చి, కార్డు అక్కరలేదమ్మా యని తమిళమున చెప్పి వెనుకకు పోయెను. ఆమెకు ఆ మాట అర్థము కాలేదు. ప్రక్కనున్న కోడలు తెలుగున చెప్పినది. కార్డును మరల గుడ్డలో చుట్టుకొనుచు ఆమె, “మరి మన పక్క ఎందుకడుగుతారే?” అని కోడలి నడిగినది.